బిడ్డకెట్లుందని అడుగుతారు... తల్లికెట్లుందని అడిగేదెవరు?

ముదిగుబ్బ (మా విలేఖరి): పెద్ద జబ్బు చేసిన బిడ్డ ఇంట్లో వుంటే ఊరంతా పలకరిస్తుంది. బస్టాండులో టీ కొట్టు దగ్గర, కొళాయి దగ్గర, రేషన్ బియ్యం కోసం నిలబడినచోట ఒకటే ప్రశ్న. "పిల్లోనికి ఎట్లుందమ్మా?" ఆ ప్రశ్న మంచిదే. మనిషిని మనిషి ఇంకా పట్టించుకుంటున్నాడనడానికి అది గుర్తు. అయితే ఆ బిడ్డను ఏళ్ల తరబడి చంకనేసుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగే తల్లిని, అప్పుల కోసం ఇంటింటికీ తిరిగే తండ్రిని "నీకెట్లుంది? రాత్రి నిద్రపోయినావా? ఇంత సంగటి తిన్నావా?" అని అడిగేవారు మాత్రం కానరారు. బిడ్డ జబ్బుకు చీటీ వుంది. మందు వుంది. ఆస్పత్రిలో నంబరు వుంది. కన్నవారి మనసుకు పట్టిన జబ్బును మాత్రం మన పల్లెల్లో "దిగులు" అని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. దిగులు పడితే ఏం చేయాలో చెప్పేవారు లేరు.

ఆస్పత్రికి దారులెన్నో

ముదిగుబ్బ అనంతపురం - కదిరి రోడ్డు మీద, ధర్మవరం - పాకాల రైలు మార్గంలో వున్న వూరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక ఈ మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఈ మండలంలోని పల్లెల నుంచి, తండాల నుంచి జబ్బు బిడ్డతో బయల్దేరేవారు ముందుగా బత్తలపల్లికి పోతారు. అక్కడ ఆర్డీటీ వారి ఆస్పత్రి వుంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ప్రారంభించిన సంస్థ అది. అక్కడ కాదంటే అనంతపురం పెద్దాస్పత్రి. గుండె జబ్బయితే పుట్టపర్తి. అక్కడి సత్యసాయి ఆస్పత్రిని 1991 నవంబరు 22న నాటి ప్రధాని పి.వి.నరసింహారావు ప్రారంభించారు. గుండె ఆపరేషన్లు అక్కడ ఉచితం. క్యాన్సరయితే బెంగుళూరులోని కిద్వాయి ఆస్పత్రి. ఇలా జబ్బు పేరు మారితే ఎక్కే బస్సు మారుతుంది. మోసే చేతులు మాత్రం అవే.

చికిత్స ఖర్చు విషయంలో వెనకటి కంటే ఊరట వుందన్నది నిజం. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలయినప్పుడు తొలి విడత మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం తక్కినవి. ఇప్పుడు ఆ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. దానితో ఆపరేషన్ బిల్లు తప్పుతోంది. కానీ బస్సు చార్జీలు, ఆస్పత్రి బయట తిండి, పోగొట్టుకున్న కూలి ఏ పద్దులోనూ కనిపించవు. పోగొట్టుకున్న నిద్ర అసలే కనిపించదు.

కరువు సీమలో కష్టం లెక్క

ఒక్క తలసేమియా జబ్బునే తీసుకుందాం. ఈ జబ్బు తీవ్రంగా వున్న బిడ్డకు ఒంట్లో రక్తం నిలవదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అంటే ఏడాదికి తక్కువలో తక్కువ 12, 13 సార్లు ఆస్పత్రి ప్రయాణం. పోయిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. తోడు ఇంకొకరు పోతే రెండు కూలీలు పోతాయి. రక్తం నిల్వ లేదంటే దాత కోసం వెతుకులాట. రక్తం ఎక్కించే కొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది కనుక దాన్ని తీసేయడానికి మళ్లీ రోజూ మందులు. ఇది ఒక నెల కాదు, ఒక ఏడాది కాదు.

మనది దేశంలోనే వాన తక్కువ పడే ప్రాంతాల్లో ఒకటి. ఎక్కువమంది సేద్యం వేరుశనగ మీద, వేరుశనగ వాన మీద ఆధారపడి వుంది. అదునులో వాన రాకపోతే పెట్టిన విత్తనం చేతికి రాదు. మామూలు ఇల్లయితే అటువంటి ఏడు బెంగుళూరుకు వలస పోతుంది. జబ్బు బిడ్డ వున్న ఇల్లు అట్లా కదలలేదు. తండ్రి ఒక్కడే పోతాడు. తల్లి బిడ్డతో ఊర్లో మిగులుతుంది. ముందు జీవాలు అమ్ముతారు. తర్వాత ఎనుము. తర్వాత మెడలోనివి, చెవులవి. చివరకు చేను మీద అప్పు. డాక్టరు బిడ్డ సంగతి చెప్పేటప్పుడు తండ్రి తల వూపుతుంటాడు గాని ఆయన మనసు అప్పు వడ్డీ దగ్గర వుంటుంది. ఇది మన కళ్ల ముందు జరుగుతున్నదే.

తల్లికి నిద్ర లేదు, తండ్రికి మాట లేదు

ఫిట్స్ వచ్చే బిడ్డ పక్కన పడుకునే తల్లికి గాఢ నిద్ర వుండదు. బిడ్డ మూలిగితే లేస్తుంది. మూలగకపోయినా లేస్తుంది. ఊపిరి వుందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి సొంతంగా తినలేని బిడ్డ అయితే ఒక్కో పూట అన్నం తినిపించడానికే గంట పడుతుంది. బిడ్డ పెరిగే కొద్దీ బరువు పెరుగుతుంది. ఎత్తే నడుము మాత్రం అదే. పెళ్లికి పిలిస్తే పోలేదు, చావుకు పిలిచినా పోలేదు. రెండు మూడేళ్లు గడిచేసరికి పిలవడం కూడా మానేస్తారు.

తండ్రి తీరు వేరు. మగవాడు ఏడ్వకూడదన్నది మనం పెట్టిన కట్టు. ఆయన ఏడ్వడు. మాట తగ్గిస్తాడు. చేనులోనే పొద్దు పోగొట్టుకుని చీకటి పడినాక ఇంటికొస్తాడు. కొందరు సారాయి దుకాణం వైపు తిరుగుతారు. "బిడ్డ మంచం మీదుంటే వీనికి తాగుడు కావాల్సొచ్చింది" అని ఊరు తిడుతుంది. తాగుడు తప్పే. అది ఇంటికి ఇంకో జబ్బు తెస్తుంది. కానీ ఎక్కువసార్లు అది దిగులుకు వేసుకున్న తప్పుడు మందు అని గ్రహించాలి. తల్లి ఏడుపు, తండ్రి మౌనం ఒకే దుఃఖానికి రెండు రూపాలు. ఈ సంగతి ఆ ఇద్దరికీ తెలియక ఒకరినొకరు నిందించుకోవడం ఎన్నో ఇళ్లలో జరుగుతోంది.

ఎవరి పాపమూ కాదు

పలకరించడానికి వచ్చినవారే కొన్నిసార్లు పుండు మీద కారం చల్లిపోతుంటారు. "ఏ జన్మలో చేసిన పాపమో", "గ్రహణం పూట బయటికొచ్చిందేమో", "మా వంశంలో ఇట్లాంటిది లేదు, ఆమె పుట్టింటి నుంచి వచ్చింది" వంటి మాటలు వినని తల్లి వుండదు. ఇవి మాటలే అయినా మనసులో ముల్లులా దిగుతాయి. రాత్రిళ్లు కూచుని తానేం తప్పు చేశానా అని ఆమె వెనకటి రోజులన్నీ తవ్వుకుంటుంది.

వైద్యశాస్త్రం చెప్పేది వేరు. తలసేమియా తీవ్రంగా రావాలంటే ఆ లక్షణం తల్లిలోనూ వుండాలి, తండ్రిలోనూ వుండాలి. ఒక్కరి వల్ల రాదు. ఆ లక్షణం వున్నవారు చూడటానికి ఆరోగ్యంగానే వుంటారు కనుక వారికే తెలియదు. అటువంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం వుంటుంది. మేనరికాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. పెళ్లికి ముందో, గర్భం తొలి నెలల్లోనో రక్త పరీక్ష చేయించుకుంటే తెలిసిపోతుంది. ఇక పుట్టేటప్పుడు బిడ్డకు ఊపిరి అందకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పచ్చకామెర్లు మెదడుకు ఎక్కడం వంటివి కాళ్లూ చేతులూ పడిపోయే జబ్బుకు కొన్ని కారణాలు. వీటిలో దేనికీ గ్రహణంతో పనిలేదు. కోడలిని నిందించే అత్తలు, బంధువులు ఈ సంగతి తెలుసుకుంటే ఆ తల్లి గుండెలో సగం బరువు దిగుతుంది.

కదిరి నరసింహస్వామికి మొక్కుకోవడం, దర్గాకు పోయి చదివింపులు చేయడం మనవారికి ఆనవాయితీ. దాన్ని తప్పుపట్టవలసిన పనిలేదు. మొక్కు మనసుకు ధైర్యమిస్తుంది. మొక్కు పేరుతో మందు ఆపడమే తప్పు.

కోర్టు మెట్లెక్కిన కన్నవారు

ఈ బరువు ఎంతవరకు తీసుకుపోతుందో చెప్పడానికి మన పక్కనే జరిగిన రెండు సంఘటనలు చాలు. 2016లో అప్పటి చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతానికి చెందిన దంపతులు, కాలేయం పాడయిన తమ పసిబిడ్డకు కారుణ్య మరణం ప్రసాదించాలని తంబళ్లపల్లె కోర్టును వేడుకున్నారు. చికిత్సకయ్యే లక్షల రూపాయలు తెచ్చే దారి వారికి లేకపోయింది. అది తన పరిధిలోది కాదని కోర్టు చెప్పింది. వార్త పత్రికలకెక్కింది. ప్రభుత్వం ముందుకొచ్చింది. చెన్నైలో కాలేయ మార్పిడి జరిగింది. కాలేయంలో భాగం ఇచ్చింది ఎవరో కాదు, బిడ్డకు మరణం ప్రసాదించమని అడిగిన ఆ తండ్రే!

2021లో అదే జిల్లాకు చెందిన ఒక తల్లి ఏళ్లుగా రక్తసంబంధమైన జబ్బుతో బాధపడుతున్న కొడుకును వెంటబెట్టుకుని ఇదే కోరికతో పుంగనూరు కోర్టుకు వచ్చింది. తిరిగి ఇంటికి పోతుండగా దారిలోనే ఆ బాలుడు కన్నుమూశాడు.

ప్రాణం తీయడానికి మన దేశంలో ఏ చట్టమూ అనుమతించదు. అయినా వారు కోర్టుకెందుకు పోయారో ఆలోచించాలి. బిడ్డ మీద ప్రేమ లేక కాదు. తన కాలేయాన్ని కోసి ఇచ్చిన తండ్రికి ప్రేమ లేదని ఎవరనగలరు? తలుపులన్నీ తట్టి అలసిపోయినవారికి చివరకు కనిపించిన తలుపు అది. అంతకు ముందే, అప్పు తీసుకున్ననాడో, ఎనుమును అమ్ముకున్ననాడో, ఎవరైనా వారి పక్కన కూచుని వుంటే ఆ మెట్లు ఎక్కవలసిన అగత్యం వచ్చేదా?

పగ్గం కొస పురి విప్పుకుంటే...

ఈ దుఃఖం మన ఒక్క ప్రాంతానిది కాదు. 1962లో అమెరికాలో సైమన్ ఓల్షాన్‌స్కీ అనే ఆయన, బుద్ధి ఎదగని పిల్లల తల్లిదండ్రులను గమనించి ఒక మాట చెప్పారు. వారిది ఎడతెగని దుఃఖం అన్నారు. అది పిచ్చి కాదు, బలహీనత కాదు, సహజమన్నారు. పోయిన మనిషి కోసం ఏడిస్తే కొన్నాళ్లకు కన్నీరు ఇంకుతుంది. ఎదురుగా వున్న బిడ్డ కోసం పడే దుఃఖం అట్లా ఇంకదు. ఈడు పిల్లలు సంచులు తగిలించుకుని బడికి పోతున్నప్పుడు మళ్లీ పొంగుతుంది. తోటి పిల్లకు పెళ్లి కుదిరినప్పుడు మళ్లీ పొంగుతుంది. అందుకే "ఎన్నాళ్లు ఏడుస్తావు, మరిచిపో" అనడంలో అర్థం లేదు.

2004లో అమెరికాలోనే కాలిఫోర్నియాలో ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ అనే శాస్త్రవేత్తలు తమ బృందంతో 58 మంది తల్లులను పరీక్షించారు. వారిలో కొందరి బిడ్డలు ఆరోగ్యవంతులు, కొందరి బిడ్డలు దీర్ఘ రోగులు. ఒంట్లోని కణాల్లో దారపు పోగుల్లాంటివి వుంటాయి. ఎద్దు పగ్గం కొసకు ముడి లేకపోతే పురి విప్పుకున్నట్టు, ఆ పోగుల కొసలకు కూడా కాపు లాంటిది ఒకటి వుంటుంది. వయసు పెరిగే కొద్దీ అది పొట్టిదవుతుంది. బిడ్డకు సేవ చేసిన ఏళ్లు పెరిగే కొద్దీ తల్లుల్లో ఆ కాపు మరింత పొట్టిదయినట్టు వారు గమనించారు. మనసు మీద బరువు బాగా వుందన్న తల్లుల్లో ఆ కొసలు, బరువు తక్కువగా వుందన్నవారి కంటే కనీసం పదేళ్లు ముసలివిగా కనిపించాయట. ఈ కొసలపై పరిశోధనకు బ్లాక్‌బర్న్‌కు 2009లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. "బిడ్డ కోసం అరిగిపోయింది" అని మన పెద్దలు అనే మాట ఉత్త మాట కాదన్నమాట. అయితే ఆ అరుగుదల అందరిలోనూ ఒకే తీరుగా లేదు. బరువు ఎంత అనిపిస్తే అంత. బరువు పంచుకునేవారు వుండటం ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

మూలన నిలబడిన పెద్ద పిల్ల

జబ్బు బిడ్డ వున్న ఇంట్లో మరో బిడ్డ కూడా వుంటుంది. ఆ పిల్ల సంగతి ఎవరికీ పట్టదు. తల్లి ఆస్పత్రిలో వుంటే పొయ్యి వెలిగించేది, తమ్మునికి నీళ్లిచ్చేది ఆమే. బడి మానుతుంది. జ్వరమొచ్చినా చెప్పదు. అమ్మకు ఇంకో కష్టం పెట్టకూడదని తనకు తానే అనుకుంటుంది. ఒక్కోసారి నాక్కూడా జబ్బొస్తే బాగుండునని కూడా అనుకుంటుంది. ఆ బిడ్డను రోజుకో పావుగంట పక్కన కూచోబెట్టుకుని మాట్లాడితే చాలు. బడి పంతుళ్లు కూడా ఇటువంటి పిల్లలను గుర్తుపెట్టుకుని, హాజరు తగ్గిందని కోప్పడే ముందు ఇంటి సంగతి కనుక్కోవాలి.

గుర్తుపట్టేదెట్లా? ఎవరిని అడగాలి?

దుఃఖం సహజమే అయినా ఒక హద్దు దాటితే అది చికిత్స కావలసిన జబ్బు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, బిడ్డ నిద్రపోయినా తాను పోలేకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పనిమీదా మనసు నిలవకపోవడం, చిన్నదానికే పిల్లలను కొట్టడం, ఊరకే గుండె దడ, "మేం పోతే ఈ బాధ తీరుతుంది" అన్న మాట నోట రావడం దానికి గుర్తులు. చివరి మాటను ఎవరూ తేలికగా తీసుకోరాదు. అట్లా అన్నవారిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పురుగుల మందు వుంటే తీసి వేరేచోట తాళం వేయాలి. "నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్నది అపోహ. అడిగితేనే గుండెలోది బయటికొస్తుంది. పోలీసు కేసవుతుందన్న భయం కూడా వద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో వున్నవారిగానే చూడాలి. వారికి చికిత్స, రక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత.

2022 అక్టోబరు 10న ప్రభుత్వం టెలీ మానస్ అనే ఫోను సేవను ప్రారంభించింది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది. డబ్బు కట్టనవసరం లేదు. తెలుగులోనే మాట్లాడవచ్చు. బస్సు చార్జీ లేని తల్లి కూడా బిడ్డ పక్కన కూచునే చేయగల ఫోను ఇది. మనసుకు మందు అంటే పిచ్చాస్పత్రే అన్న భయం ఇక వదులుకోవాలి. మనకు ఆనుకునే వున్న బళ్లారి జిల్లాలో 1985లోనే బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణనిచ్చి పల్లెల్లోనే మానసిక వైద్యం అందించి చూపించారు. దాని ఆధారంగానే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. అనంతపురం పెద్దాస్పత్రిలోనూ మానసిక వైద్య విభాగం వుంది.

డబ్బు బరువు తగ్గితే మనసు బరువూ కొంత తగ్గుతుంది. తలసేమియా, సికిల్ సెల్, తీవ్రమైన హీమోఫిలియా వున్నవారికి నెలకు రూ.10,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి రూ.15,000 పింఛనును 2024లో ఎన్టీఆర్ భరోసా కింద ప్రకటించారు. దీనికి డాక్టరు ధ్రువపత్రాలు కావాలి. మెదడు పక్షవాతం, ఆటిజం, బుద్ధిమాంద్యం వున్న బిడ్డలకు కేంద్రం వారి నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు చికిత్స ఖర్చు వస్తుంది. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ఇటువంటి పిల్లలకు చదువు, వ్యాయామం నేర్పుతారు. బిడ్డకు నేర్పే ఆ రెండు గంటలు తల్లికి విశ్రాంతి కూడా.

ముయ్యి పెట్టుకుంటే పోదా?

మన సీమలో ముయ్యి అని ఒక మంచి పద్ధతి వుంది. కట్టె పీకేటప్పుడు ఈ రోజు నా చేనికి నువ్వు, రేపు నీ చేనికి నేను. డబ్బు పని లేదు. చేనికి చేసే ముయ్యిని బిడ్డకు ఎందుకు చేయకూడదు? నలుగురు ఇరుగుపొరుగు ఆడవారు వారానికి ఒక్కో మధ్యాహ్నం వంతు పెట్టుకుంటే ఆ తల్లికి వారంలో నాలుగు పూటలు నిద్ర దక్కుతుంది. బిడ్డకు అన్నం ఎట్లా పెట్టాలో, ఫిట్స్ వస్తే ఒక పక్కకు ఎట్లా పడుకోబెట్టాలో ఆ తల్లే నేర్పుతుంది. ఆస్పత్రికి పోయే రోజు పెద్ద పిల్లకు పక్కింట్లో అన్నం. తండ్రికి తోడు ఒక స్నేహితుడు. డ్వాక్రా సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలతోపాటు ఈ వంతులు కూడా మాట్లాడుకోవచ్చు. తిరిగి ముయ్యి తీర్చే శక్తి ఆ ఇంటికి ఇప్పుడు లేకపోవచ్చు. ఎవరి ఇంటికి ఎప్పుడు ఏ కష్టం వస్తుందో ఎవరికి తెలుసు?

అధికారులు చేయవలసిందీ వుంది. రక్తం ఎక్కించే వార్డులోనైనా, పిల్లల వార్డులోనైనా బిడ్డ కేసు షీటు రాసేటప్పుడే తల్లిదండ్రుల నిద్ర, తిండి, దిగులు గురించి రెండు ప్రశ్నలు అడిగి రాయాలి. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు. తోడు వచ్చినవారు వరండా గచ్చు మీద పడుకోకుండా ఒక గది, ఒక కుళాయి ఏర్పాటు చేయాలి. కదలలేని బిడ్డలను సదరం శిబిరాలకు మోయించుకురాకుండా ఇంటి దగ్గరే పరీక్ష జరిపే ఏర్పాటు వుండాలి. ఆశా కార్యకర్తలు ఇంటికి వచ్చినప్పుడు బిడ్డతోపాటు తల్లినీ పలకరించాలి.

ఇవన్నీ వచ్చేవరకు ఆగనవసరం లేని పని ఒకటుంది. ఈసారి అటువంటి ఇంటికి పోయినప్పుడు బిడ్డ సంగతి అడిగాక కాసేపు కూచోండి. "అక్కా, నువ్వెట్లున్నావు?" అని అడగండి. సలహా చెప్పవద్దు. ఆమె చెప్పేది పూర్తిగా వినండి. లేచేముందు "రేపు మధ్యాహ్నం నేనుంటాను, నువ్వు పడుకో" అని చెప్పండి. చెప్పిన ప్రకారం వెళ్లండి.